కోట పేరు పట్టుకుని వంశం కూపీ లాగడం ఎలా?

స్విట్జర్లాండ్‌కు ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లకు ఆదివారాలు ఒక అలవాటు అబ్బుతుంది. పులిహోర డబ్బా సర్దుకుని, రైలెక్కి, ఏదో ఒక కోట చూసి రావడం. గోడ మీద డాలు, డాలు మీద సింహం, కింద పలక మీద ఎవరో హార్ట్‌మన్ పేరు. ఎవరీయన అని ఇంటికొచ్చి వెతికితే అదే వంశంలో ఐదుగురు హార్ట్‌మన్‌లు బయటపడతారు. చాలామంది ఆసక్తి అక్కడితో చల్లారిపోతుంది. చల్లారకుండా ఉండాలంటే ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని వెతికేవారికీ పనికొస్తుంది. కావలసిన సరంజామాలో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది.

1. ముందు జాగాను చిన్నదిగా కోసుకోండి

"జర్మన్ ప్రభువంశాలు" అని మొదలుపెడితే బాల్టిక్ తీరం నుంచి ఆల్ప్స్ దాకా ఈదాలి. ఒక ప్రాంతం, ఒక కోట, ఒక శతాబ్దం తీసుకోండి. నేను స్విట్జర్లాండ్‌లోని ఆర్గావు, జ్యూరిక్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. లెంట్స్‌బుర్గ్, హబ్స్‌బుర్గ్, కీబుర్గ్ కోటలు మూడూ ఇక్కడివే. వంశాలు ఎలా అంతరించాయో, వాటి ఆస్తి ఎవరి ఇంటికి చేరిందో ఇంత స్పష్టంగా చూపించే ప్రాంతాలు తక్కువ. 1173లో లెంట్స్‌బుర్గ్ వంశం ఆరిపోయింది. 1218లో త్సేరింగన్ వంశం, 1264లో కీబుర్గ్ వంశం. సుమారు తొంభై ఏళ్లలో మూడు పెద్ద ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఆ తాళాల్లో ముఖ్యమైనవి చివరికి హబ్స్‌బుర్గ్ వారి మొలకు చేరాయి.

2. పేరును నమ్మకండి

మన ఇంటిపేర్లలో ఊళ్లు చాలా ఉన్నాయి. నిడదవోలువారు నిడదవోలు వదిలి పది తరాలైనా నిడదవోలువారే. ఇంటిపేరు మనిషితో పాటు ప్రయాణిస్తుంది. పదకొండు, పన్నెండు శతాబ్దాల జర్మన్ నేల మీద లెక్క వేరు. అక్కడ పేరు కోటను అంటిపెట్టుకుని ఉంటుంది. అన్న ఒక కోటలో, తమ్ముడు ఇంకో కోటలో కాపురం పెడితే ఇద్దరికీ రెండు పేర్లు. కీబుర్గ్ వారే ఉన్నారు. వాళ్ల మూలం డాన్యూబ్ ఒడ్డున ఉన్న డిల్లింగెన్. ఆ ఇంటి హార్ట్‌మన్ అనే కౌంట్ ఇక్కడి వారసురాలు అడెల్‌హైడ్‌ను పెళ్లాడాడు. ఆమె వాటాగా కీబుర్గ్ వచ్చింది. తరువాతి తరాల్లో ఒక కొమ్మ డిల్లింగెన్ వారుగా, ఇంకొక కొమ్మ కీబుర్గ్ వారుగా స్థిరపడ్డారు. పేర్లు చూసి రెండు వంశాలనుకుంటే మొదటి మెట్టు దగ్గరే కాలు జారినట్టు.

కాబట్టి మీ నోట్‌బుక్‌లో "వంశం" అన్న గడి పక్కన "ఆ ఏడాది ఏ కోటలో" అన్న గడి తప్పక పెట్టుకోండి.

వర్ణక్రమంతోనూ పేచీ ఉంది. హబ్స్‌బుర్గ్ అన్న పేరుతో కౌంట్‌ను పిలిచిన తొలి పత్రం 1108 నాటిది. అందులో అది "హవిక్స్‌బుర్క్" లాంటి రూపంలో ఉంటుంది. వెతికేటప్పుడు బి, పి, వి మార్చి మార్చి కొట్టి చూడండి. చివర ఉన్న బుర్గ్‌ను బుర్క్, బెర్గ్ అని కూడా ప్రయత్నించండి.

"ఫాన్" ఉంటే ప్రభువే అనుకోవద్దు. స్విస్ పల్లెల్లో రైతుల పేర్ల ముందు కూడా ఆ మాట ఉంటుంది. "ఫలానా చోటి నుంచి" అనే దాని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. ఒకే పేరుతో రెండు మూడు కోటలుండటమూ మామూలే. లాండెన్‌బెర్గ్ వారికి పాత, ఎత్తు, వెడల్పు అనే విశేషణాలు తగిలించి మూడు శాఖలు లెక్కపెడతారు.

ఇక అంకెలు. మొదటి, రెండవ, నాలుగవ అనే సంఖ్యలు ఆ మనుషులు పెట్టుకున్నవి కావు. తరువాతి చరిత్రకారులు తమ వీలు కోసం తగిలించినవి. నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నది ఇక్కడే. హబ్స్‌బుర్గ్ కౌంట్‌లలో నాలుగవ రుడాల్ఫ్ అనే ఆయన 1273లో జర్మనీకి రాజయ్యాడు కనుక రాజుల లెక్కలో మొదటి రుడాల్ఫ్. తరువాత వందేళ్లకు ఆస్ట్రియా డ్యూక్‌గా ఇంకో నాలుగవ రుడాల్ఫ్ వస్తాడు. ఇద్దరినీ ఒకే గడిలో వేసి, ఈయన నూట నలభై ఏళ్లు ఎలా బతికాడా అని తల పట్టుకున్నాను. అందుకే అంకెను కాక, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, భార్య పేరు, ఈ మూడింటినీ కలిపి ఒక మనిషికి గుర్తుగా పెట్టుకోండి.

3. ఏ మెట్టు మీద ఉన్నాడో తేల్చుకోండి

ఇంగ్లిష్ పుస్తకాల్లో కౌంట్ అని చదివేది జర్మన్‌లో గ్రాఫ్. ఆ కింద ఫ్రైహెర్, అంటే ఎవరికీ బంటు కాని స్వతంత్ర ప్రభువు. ఆ కింద డీన్స్ట్‌మన్, అంటే ప్రభువు కొలువులో పుట్టి పెరిగినవాడు. ఈ మూడో రకం మనకు వింతగా తోస్తుంది. గుర్రం, కత్తి, కోట అన్నీ ఉంటాయి. చట్టం దృష్టిలో మాత్రం స్వేచ్ఛ లేనివాడు. ప్రభువు అతన్ని, అతని పిల్లలను ఇంకో ప్రభువుకు ఇచ్చేయవచ్చు, మార్చుకోవచ్చు. ఇలాంటి కొలువు కుటుంబాలే రెండు మూడు తరాల్లో నైట్లుగా, ఆ తరువాత అసలైన ప్రభువులుగా చలామణీ అయ్యాయి. సరస్సు పక్కన నీటి కందకాల మధ్య కోట ఉన్న హాల్‌విల్ వారు కీబుర్గ్‌లకు, తరువాత హబ్స్‌బుర్గ్‌లకు అలా కొలువు చేసినవారే.

పత్రం చివర సాక్షుల జాబితా ఉంటుంది. సాధారణంగా అది హోదా క్రమంలో సాగుతుంది. ముందు మతాధికారులు, ఆపైన కౌంట్‌లు, స్వతంత్ర ప్రభువులు, కొలువు నైట్లు, చివర పట్టణవాసులు. మీరు వెతికే మనిషి ఏ గుంపులో ఉన్నాడో చూస్తే అతని అంతస్తు తెలుస్తుంది. ముప్పై ఏళ్ల తేడాతో రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే కుటుంబం ఒక మెట్టు ఎక్కిందో లేదో కూడా తెలుస్తుంది.

ఫోనులో యంత్రానువాదం వాడేవారికి ఒక మాట. షెంక్ అనే పదాన్ని అది "బహుమతి ఇవ్వు" అని మార్చేస్తుంది. అది కొలువు పేరు, పానపాత్ర అందించే అధికారి. ట్రుఖ్‌సెస్ అంటే భోజనశాల పెద్ద. డీసెన్‌హోఫెన్ ట్రుఖ్‌సెస్‌లు, లాండెక్ షెంక్‌లు ఇలా కొలువు పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. కరణం, దేశ్‌ముఖ్ అనేవి ఇంటిపేర్లుగా మిగిలిపోవడం చూసిన మనకు ఇది చెప్పనక్కరలేదు.

గెస్లర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విలియం టెల్ కథలో కొడుకు తలమీద ఆపిల్ పెట్టించిన దుర్మార్గుడు గెస్లర్. ఆర్గావులో గెస్లర్ అనే కుటుంబం నిజంగానే ఉంది, హబ్స్‌బుర్గ్ కొలువులో పైకొచ్చింది. కానీ కథ జరిగే ఊరి (Uri) అనే స్విస్ లోయలో ఆ పేరుతో అధికారి ఉన్నట్టు ఒక్క సమకాలీన పత్రమూ లేదు. ఒక మంచి కుటుంబానికి కథ అంటించిన మచ్చ అది.

4. కోడళ్లను, ఆడపడుచులను ముందు రాయండి

నన్నడిగితే మొత్తం పనిలో ప్రాణం ఇదే. అచ్చయిన వంశవృక్షాల్లో చాలావరకు తండ్రి, కొడుకు, మనవడు అని నిలువుగా గీత గీసి, స్త్రీలను చిన్న అక్షరాల్లో పక్కన పెడతారు. ఆ గీత మీదే నడిస్తే భూమి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎందుకు పోయిందో ఎప్పటికీ అర్థం కాదు.

కీబుర్గ్ కథను భార్యల వైపు నుంచి చదవండి. అడెల్‌హైడ్ వల్ల కోట వచ్చిందని ఇందాక చెప్పుకున్నాం. మూడవ హార్ట్‌మన్ భార్య లెంట్స్‌బుర్గ్ ఇంటి రిఖెంజా. 1173లో ఆ ఇల్లు అంతరించాక అక్కడి ఆస్తిలో ఒక భాగం ఇటు వచ్చింది. తరువాత మూడవ ఉల్రిచ్ భార్య అన్నా, త్సేరింగన్ ఇంటి ఆడపడుచు. ఆమె అన్నగారు ఐదవ బెర్‌టోల్డ్ 1218లో వారసుడు లేకుండా పోతే టూన్, బుర్గ్‌డోర్ఫ్, ఫ్రైబుర్గ్ పట్టణాలు కీబుర్గ్‌కు చేరాయి. మూడు పెళ్లిళ్లతో ఒక మామూలు ఇల్లు ఆ ప్రాంతంలోకెల్లా పెద్దదైంది.

ఆ ఉల్రిచ్, అన్నాల కూతురు హైల్‌విగ్. ఆమెను హబ్స్‌బుర్గ్ ఇంటి నాలుగవ ఆల్‌బ్రెఖ్ట్‌కు ఇచ్చారు. వాళ్ల కొడుకే, తరువాత రాజైన ఆ రుడాల్ఫ్. 1263లో చిన్న హార్ట్‌మన్, 1264లో అతని పినతండ్రి పెద్ద హార్ట్‌మన్ పోయారు. మగ సంతానం లేదు. పెద్ద హార్ట్‌మన్‌కు రుడాల్ఫ్ మేనల్లుడు. మేనమామ ఆస్తి మీద వచ్చి వాలాడు. మేనత్త, సవాయ్ ఇంటి మార్గరెట్ బతికే ఉంది, ఆమెకు పెళ్లినాడు రాసిచ్చిన భూములూ ఉన్నాయి. రుడాల్ఫ్ వాటినీ వదల్లేదు. సవాయ్ వారితో యుద్ధానికి ఇదొక కారణమైంది. యూరప్‌ను ఆరువందల ఏళ్లకు పైగా ఏలిన వంశానికి తొలి పెద్ద పెట్టుబడి తల్లి పుట్టింటి సొమ్మని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. చిన్న హార్ట్‌మన్‌కు ఒక కూతురు మిగిలింది, పేరు అన్నా. ఆమెకు హబ్స్‌బుర్గ్‌లలోనే లౌఫెన్‌బుర్గ్ శాఖకు చెందిన ఎబెర్‌హార్ట్‌తో 1273లో పెళ్లయింది. టూన్, బుర్గ్‌డోర్ఫ్ వైపు భూములు వారికి దక్కాయి. వారి పిల్లలు తండ్రి పేరు వదిలి తల్లి వైపు కీబుర్గ్ పేరు పెట్టుకున్నారు. చరిత్రకారులు వీరిని కొత్త కీబుర్గ్ అంటారు. అంటే ఆ తరువాతి పత్రాల్లో కనిపించే "కీబుర్గ్ కౌంట్" రక్తం చూస్తే హబ్స్‌బుర్గ్. ఇంకా తమాషా ఏమిటంటే, కీబుర్గ్ కోట వీరిది కానే కాదు. అది రాజు రుడాల్ఫ్ వంశం చేతిలో ఉండిపోయింది. కోట లేని కోటపేరువారన్నమాట.

వీరి కథ కూడా బాధాకరమే. 1322లో టూన్ కోటలో అన్నదమ్ముల తగాదా ముదిరి హార్ట్‌మన్ హతుడయ్యాడు, తమ్ముడు ఎబెర్‌హార్ట్ మిగిలాడు. మరుసటి ఏడాదే అతను టూన్‌ను బెర్న్ నగరానికి అమ్మి, మళ్లీ వారి సామంతుడిగా తీసుకున్నాడు. 1384కల్లా అప్పులు మోయలేక టూన్, బుర్గ్‌డోర్ఫ్ రెండింటినీ బెర్న్‌కు 37,800 గిల్డర్లకు వదులుకున్నారు. 1417లో ఆ పేరు కూడా పోయింది.

మీ పట్టికలో ప్రతి పెళ్లికీ మూడు గడులు పెట్టండి. ఆమె ఏ ఇంటి బిడ్డ, ఏ భూమి తెచ్చింది, ఆమె అన్నదమ్ములకు మగపిల్లలు మిగిలారా. మూడో గడిలో "లేదు" అని పడిన చోట ఎరుపు సిరాతో గుర్తు పెట్టుకోండి. రాబోయే తగాదా అక్కడే మొదలవుతుంది.

5. పత్రం ముందు కూర్చోండి

మొదట స్విట్జర్లాండ్ చారిత్రక నిఘంటువు తెరవండి. ఇంటర్నెట్‌లో ఉచితం. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ భాషల్లో ఉంటుంది, ఇంగ్లిష్‌లో లేదు. కుటుంబం పేరు మీద ఒక వ్యాసం, ముఖ్యులకు విడిగా వ్యాసాలు ఉంటాయి. అక్కడి నుంచి మొనాస్టీరియం అనే వేదికలోకి వెళితే మఠాలు, ఆర్కైవుల పత్రాల ఫోటోలు దొరుకుతాయి. ఆర్గావు ప్రభుత్వ ఆర్కైవు ఆరావులో ఉంది, జ్యూరిక్‌ది జ్యూరిక్‌లోనే. చేతిరాత చదవడానికి ట్రాన్స్‌క్రిబస్ అనే సాఫ్ట్‌వేర్ సాయపడుతుంది. అది ఇచ్చిన పాఠాన్ని బొమ్మతో పోల్చి చూడకుండా వాడకండి. ముఖ్యంగా పేర్లు.

తేదీలు అంకెల్లో ఉండవు. మన పెద్దలు "సంక్రాంతి వెళ్లిన మూడో రోజు" అన్నట్టే ఉంటాయి. ఒకటి విప్పి చూద్దాం. పత్రంలో "1386, సంత్ ఉల్రిచ్ పండుగ తరువాతి సోమవారం" అని ఉందనుకోండి. ఉల్రిచ్ పండుగ జూలై 4. ఆ ఏడాది జూలై 4 పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం బుధవారం. కాబట్టి తరువాతి సోమవారం జూలై 9. ఆ రోజే స్విస్ సమాఖ్యవారితో సెంపాఖ్ యుద్ధం జరిగింది, హబ్స్‌బుర్గ్ డ్యూక్ మూడవ లియోపోల్డ్, ఆయన వెంట వచ్చిన ఎందరో ప్రభువులు చనిపోయారు. అందుకే ఈ ప్రాంతపు వంశవృక్షాల్లో ఈ తేదీ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పండుగల తేదీలు, ఏ ఏడాది ఏ వారమో చూపించే గ్రోటెఫెండ్ పట్టికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. కంప్యూటర్‌లో ఉండే మామూలు క్యాలెండర్లు కొన్ని 1582లో వచ్చిన కొత్త గ్రెగోరియన్ లెక్కను వెనక్కి పొడిగిస్తాయి, వారం తప్పు చూపుతాయి. నమ్మకండి.

1582 తరువాత ఇంకో చిక్కు వస్తుంది. ఇక్కడి కాథలిక్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం 1584లో కొత్త క్యాలెండర్‌కు మారాయి. జ్యూరిక్, బెర్న్ లాంటి ప్రొటెస్టెంట్ ప్రాంతాలు 1701 దాకా మారలేదు. రెండు మతాల మధ్య ఉత్తరం నడిస్తే, రాసిన తేదీ కన్నా ముందే అందినట్టు కనిపించవచ్చు.

మరణాల కోసం మఠాల సంస్మరణ పుస్తకాలు చూడండి. వాటిలో ఎవరి పేరున ఏ రోజు ప్రార్థన చేయాలో ఉంటుంది. తద్దినానికి తిథి కావాలి, సంవత్సరం ఎందుకు? వారూ అలాగే అనుకున్నారు. రోజు రాసి, ఏడాది వదిలేశారు. ఏడాదిని మీరు వేరే పత్రాల నుంచి పట్టుకోవాలి. భార్యను విధవ అని పిలిచిన తొలి పత్రం అందుకు మంచి ఆధారం.

భూమి ఎంత, రాబడి ఎంత అన్న ప్రశ్నకు 1303, 1307 మధ్య రాజు రుడాల్ఫ్ కొడుకు, రాజు ఆల్‌బ్రెఖ్ట్ కోసం తయారైన హబ్స్‌బుర్గ్ రాబడి లెక్క ఉంది. ఊరూరా ఎన్ని కొలతల ధాన్యం, ఎన్ని పందులు, ఎంత పైకం అన్నది వరసగా ఉంటుంది. మ్యూట్, మాల్టర్ అనే కొలతలు ఊరికొకలా మారతాయి. మన పుట్టి, తూముల్లాగే. కిలోల్లోకి మార్చి కూడబెట్టే ప్రయత్నం చేయకండి.

6. డాళ్లు

డాలు మీది బొమ్మ సంతకం లాంటిది. బంగారు రంగు మీద ఎర్ర సింహం హబ్స్‌బుర్గ్. ఏటవాలు పట్టీ, దానికి పైనా కిందా ఒక్కో సింహం అయితే కీబుర్గ్. పోల్చుకోవడానికి 1340 ప్రాంతంలో తయారైన జ్యూరిక్ డాళ్ల చుట్ట చాలు. తోలు కాగితం మీద ఐదు వందలకు పైగా డాళ్లు వరసగా గీశారు.

ఇంకాస్త రుచి కావాలంటే మనెస్సె ప్రతి చూడండి. దాదాపు అదే కాలంలో జ్యూరిక్‌లో కవితలు సేకరించి 137 నిండు పుటల బొమ్మలతో రాసిన గ్రంథం అది. ఇప్పుడు హైడెల్‌బెర్గ్‌లో ఉంది, ప్రతి పుటా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. అందులో వార్ట్ ఇంటి యాకోబ్ బొమ్మ చూడండి. నెరిసిన జుట్టు పెద్దాయన పూలు చల్లిన తొట్టిలో స్నానం చేస్తుంటాడు, చుట్టూ స్త్రీలు పరిచర్య చేస్తుంటారు. ఆ ఇంటివాడే రుడాల్ఫ్ ఫాన్ వార్ట్. 1308 మే 1న విండిష్ దగ్గర రాజు ఆల్‌బ్రెఖ్ట్‌ను సొంత తమ్ముడి కొడుకు యోహాన్ చంపినప్పుడు వెంట ఉన్నవారిలో ఒకడు. పట్టుకుని చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. వార్ట్ వారి కోటనూ కూల్చారు.

7. పత్రం ఉందని నిజమనుకోకండి

హబ్స్‌బుర్గ్‌లు కట్టించిన మూరి మఠానికి 1027 నాటి స్థాపన పత్రం ఉంది. అది తరువాత పుట్టించింది. మఠానికి కావలసిన హక్కులు పాత తేదీతో రాసుకున్నారు. ఇంతకన్నా ఘనమైనది నాలుగవ రుడాల్ఫ్ డ్యూక్ 1358, 1359లలో తయారు చేయించిన పత్రాల మూట. ఆస్ట్రియాకు ప్రత్యేక హక్కులిస్తూ జూలియస్ సీజర్, నీరో రాసిన ఉత్తరాలు కూడా అందులో ఉన్నాయి! చక్రవర్తి నాలుగవ చార్లెస్ ఆ ఉత్తరాలను కవి పెట్రార్క్‌కు చూపిస్తే ఆయన 1361లో శుద్ధ బూటకమని తేల్చాడు. అయినా 1453లో హబ్స్‌బుర్గ్ ఇంటి చక్రవర్తే వాటిని ఖరారు చేశాడు. దొంగ పత్రం చట్టమైంది. కాబట్టి దొంగదని తేలిన పత్రాన్ని పారేయకండి. అందులో రాసిన కాలానికి కాక, పుట్టించిన కాలానికి సాక్ష్యంగా వాడుకోండి.

8. 1415 దాటాక పట్టణాల్లో వెతకండి

ఆ ఏడాది కాన్‌స్టన్స్‌లో జరుగుతున్న చర్చి మహాసభ నుంచి పోప్ పారిపోవడానికి సాయపడ్డాడని నాలుగవ ఫ్రీడ్రిష్ డ్యూక్‌ను రాజు సిగిస్మండ్ వెలివేశాడు. అదే అదనుగా స్విస్ సమాఖ్యవారు ఆర్గావును ఆక్రమించారు. హబ్స్‌బుర్గ్‌ల చేతిలో హబ్స్‌బుర్గ్ కోట కూడా మిగల్లేదు. స్థానిక ప్రభువులు బెర్న్, జ్యూరిక్ నగరాల పౌరసత్వం తీసుకుని సర్దుకున్నారు. 1476లో మూర్టెన్ యుద్ధంలో సమాఖ్య సైన్యపు ముందు దళాన్ని నడిపించింది హాన్స్ ఫాన్ హాల్‌విల్. ఒకప్పుడు హబ్స్‌బుర్గ్ కొలువు చేసిన ఇంటివాడు. ఇక్కడి నుంచి మీకు కావలసినది నగర సభల పుస్తకాలు, పౌరసత్వ జాబితాలు. కీబుర్గ్ కోట 1424లో తాకట్టుగా, 1452 నుంచి శాశ్వతంగా జ్యూరిక్ చేతికి వచ్చింది. 1798 దాకా అక్కడ నగరం పంపిన అధికారులు ఉన్నారు. ఆ కాలపు కాగితాలు ఆ అధికారుల పేరు మీద దొరుకుతాయి, కౌంట్‌ల పేరు మీద కాదు.

9. ఇక బయలుదేరండి

బ్రుగ్ స్టేషన్‌లో దిగండి. హబ్స్‌బుర్గ్ కొండకు నడిచే దారి ఉంది. పైన మిగిలింది చిన్న కోటే. ఇంత పెద్ద వంశానికి ఇంతేనా అనిపిస్తుంది. తిరుగు దారిలో విండిష్‌లో కోనిగ్స్‌ఫెల్డెన్ చర్చి చూడండి. ఆల్‌బ్రెఖ్ట్ హతుడైన చోట ఆయన భార్య ఎలిజబెత్ కట్టించిన మఠం ఇది. కూతురు, హంగరీ రాణి ఆగ్నెస్, 1364లో పోయేదాకా ఇక్కడే ఉంది. రంగు అద్దాల కిటికీలకు గంట సమయం కేటాయించండి.

మధ్యలో హబ్స్‌బుర్గ్ సమాధి కనిపిస్తుంది. సెంపాఖ్‌లో పడిన లియోపోల్డ్‌ను కూడా ఇక్కడే పూడ్చారు. కానీ 1770లో అస్థికలన్నీ సాంక్ట్ బ్లాసియెన్ మఠానికి తరలించారు. అక్కడి నుంచి అవి ఆస్ట్రియాలోని సాంక్ట్ పౌల్ మఠానికి చేరాయి. మీ పట్టికలో "ఖననం" గడికి జాగా కాస్త ఎక్కువ వదలండి, మూడు ఊళ్లు పట్టాలి.